సన్నీళ్లు ముందు

రండి, ఇంకొంచెం ఇటు జరగండి. దూరం నుంచి వినే సంగతి కాదిది. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి, చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ వినవచ్చు, బీడీలు చుడుతూ వినవచ్చు, చెవి మాత్రం ఇటు పెట్టండి. కోరుట్లలో బుచ్చవ్వ అని ఒకావిడ ఉంది, డెబ్బై దాటిన మనిషి. ఆమె ఒక సాయంత్రం తానాలగది గడప మీద కూర్చుంది. ఎదురుగా గోడకు రెండు కొత్త నల్లాలు, చన్నీళ్లదానికి నీలం చుక్క, ఉడుకునీళ్లదానికి ఎర్రచుక్క. మిద్దె మీద నీళ్లు కాచే సోలార్ పెట్టిన మొదటి రోజు అది. పొద్దు గూకేదాకా ఎర్రచుక్క నల్లా ఎవరూ తిప్పకూడదని ఆమె కాపలా కూర్చుంది. కూర్చున్నది గంటసేపే. కూర్చున్న చోటు నుంచి కదలలేదు. కానీ ఆ గంటలో ఆమె ఎక్కడెక్కడికి పోయి వచ్చిందో అదే నేను మీకు చెప్పేది.

గడప రాయి చల్లగా ఉంది, మాఘం చలి ఇంకా రాయిలోంచి పోలేదు, తుంటికి తగులుతోంది, తగలనీ అనుకుంది బుచ్చవ్వ, లేవాలన్నా కూర్చోవాలన్నా ఇంకొకరి చెయ్యి కావాలి. ఎదురింటి గోడ మీద ఎండ ఇంకా మూరెడుంది. ఆ మూరెడూ పైకి పాకి సజ్జ దాటితే పొద్దు గూకినట్టు, అప్పుడు ఎర్రచుక్క తిప్పవచ్చు, అప్పటికి కొడుకు ముత్యం చేను నుంచి వస్తాడు, వస్తే వాకిట్లో నులకమంచం మీద కూర్చున్న మనిషిని చూస్తాడు, చూస్తే ఏమంటాడు, ఏమీ అనడు, అనకుండా పక్కనుంచి పోవడమే వాడి అలవాటు. వాకిట్లోంచి దగ్గు వినిపించింది. రాజక్క దగ్గు. రాజక్క అంటే బుచ్చవ్వకు యారాలు, తోడికోడలు, బావ మొగిలయ్య పెండ్లాం, ఆయన పోయి ఆరేండ్లు. పగటి బస్సుకు సిరిసిల్ల నుంచి వచ్చింది. ఈ ఇల్లు విడిచి పోయిన యాభై ఏండ్లకు మళ్లీ ఈ వాకిట్లో కూర్చుంది. రేపు పొద్దున బస్సెక్కి పోతుంది. ఆమెకు డెబ్బై ఎనిమిది, ఇంకోసారి వస్తుందన్న నమ్మకం లేదు. బుచ్చవ్వ ఆమె ముందర, కొడుకు ముందర, రెండే రెండు మాటలు అనాలి. రెండు మాటలకు ఎంత ఊపిరి కావాలి? సూది బెజ్జంలోకి దారం ఎక్కించినంత ఊపిరి చాలు. ఆ మాత్రం ఊపిరి యాభై ఏండ్లుగా దొరకలేదు. అంటే కొడుకు ముఖం ఎట్లా మారుతుందో, అనకపోతే తన ముఖం ఎట్లా ఉంటుందో, గోడ మీది ఎండ మాత్రం ఆగదు, ఇప్పటికే బెత్తెడు తగ్గింది.

ఎర్రచుక్క ఎంత చిన్నదో. కందిగింజ అంత. ఇంత చుక్కను చూసి ఎవరు భయపడతారు, పద్నాలుగు నెలల మునిమనుమరాలు అక్షితకు చుక్క తెలుస్తుందా, దానికి ఎర్రదేదైనా నోట్లో పెట్టుకునేదే. ముత్యానికి అప్పుడు ఏడాదిన్నర. వద్దు, అటు పోవద్దు. సోలార్ సంగతి ఎట్లా మొదలైంది? మనుమడు రంజిత్ మొదలుపెట్టాడు, దోహా నుంచి, ఫోనులో ముఖం చూపిస్తూ. "అవ్వా, గీ పొగల ఎన్నొద్దులు ఊదుతవే పొయ్యి? కండ్లు పోతయి. మిద్దె మీద ఎండంత ఊకెనే పోతున్నది" అన్నాడు. నిజమే, ఎండ ఊరికే పోతోంది. ఈ ఊరి ఎండ ఎవరికి కొదవ, మిరపకాయలు ఎండబెట్టుకుంటారు, పసుపు ఎండబెట్టుకుంటారు, నీళ్లు కాచుకోవాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. తట్టకపోలేదు. చిన్నప్పుడు బుచ్చవ్వ వాళ్ల అమ్మ ఇత్తడి బిందెను నీళ్లతో పొద్దంతా ఎండలో పెట్టేది, సాయంత్రానికి అవి గోరువెచ్చనయ్యేవి, పసిపిల్లలకు సరిపోయేవి. ఇప్పుడు దానికే గాజు గొట్టాలు వచ్చాయి. రంజిత్ పెండ్లాం అలేఖ్య ఆమెను జగిత్యాల తీసుకుపోయింది. దుకాణంలో ఆ గొట్టాలు వరసగా ఏటవాలుగా నిలబెట్టి ఉంటే బుచ్చవ్వకు కట్ట విప్పి చాటలో పరిచిన బీడీలు గుర్తొచ్చాయి, నలభై ఏండ్లు చుట్టింది కదా, ఏ వస్తువు వరసగా కనిపించినా చెయ్యి లెక్కపెట్టడానికి పోతుంది. లెక్కపెట్టింది, పదిహేను. దుకాణం మనిషి అడిగాడు, ఇంట్లో ఎంతమంది, ఒక్కొక్కరికి ఎన్ని బకెట్లు అని. "ఐదుగురం" అంది అలేఖ్య, తను, పిల్ల, అత్త సమ్మక్క, మామ ముత్యం, అవ్వ. "ఆరుగురం" అంది బుచ్చవ్వ. రంజిత్‌ను కలిపిందని అలేఖ్య అనుకుంది. బుచ్చవ్వ ఎవరిని కలిపిందో అప్పుడు ఆమెకే తెలియదు. బస్సులో వచ్చేటప్పుడు కిటికీ దగ్గర కూర్చుని తెలుసుకుంది, కలిపింది రాజక్కనని.

బిగించడానికి భూమేశ్ వచ్చాడు, వెల్గటూరు పిల్లవాడు, పిల్లవాడేంటి, నలభై ఏండ్లుంటాయి, మస్కట్‌లో పన్నెండేండ్లు పైపులు బిగించి తిరిగి వచ్చినవాడు. మిద్దె ఎక్కి అటు ఇటు తిరిగి, పక్కింటి వాళ్ల ట్యాంకు నీడ ఏ పొద్దుకు ఎక్కడ పడుతుందో సుద్దతో గీతలు గీశాడు. ఆ గీతలకు ఇవతల, ముఖం దక్షిణం వైపు పెట్టి ఇనుప స్టాండు నిలబెడతానన్నాడు. బుచ్చవ్వ మోకాళ్లు పట్టుకుని మెట్టుమెట్టుకూ ఆగి మిద్దె ఎక్కింది. "నువ్వెందుకెక్కినవవ్వా, పడితె మల్ల నా మీదికి వస్తది" అన్నాడు భూమేశ్. "పడితె నీళ్లు కాగేదాక ఆగుత తియ్యి కొడుకా, ఉడుకునీళ్ల తానం చేసే పోత" అంది ఆమె. అతను నవ్వి పని చూపించాడు. చన్నీళ్ల ట్యాంకును ఇంకో నాలుగు ఇటుక వరసలు పైకి లేపాలన్నాడు. ఎందుకని అడిగింది.

"సన్నీళ్ల ట్యాంకు మీదుండాలె, ఉడుకునీళ్లది దానికన్న కిందుండాలె. సన్నీళ్లు దిగి నూకితెనే ఉడుకునీళ్లు నల్లాలకు ఎల్లుతయవ్వా."

"అంటె సన్నీళ్లే ముందా?"

"ఎప్పటికైన సన్నీళ్లే ముందు."

అలేఖ్య పకపకా నవ్వింది. "ఇగో, మా అవ్వకు జోడి దొరికిండు" అంది. నవ్వదా మరి, ఈ ఇంటికి కోడలై వచ్చిన మొదటి రోజు తానానికి పోతే బుచ్చవ్వ తలుపు దగ్గర నిలబడి చెప్పిన మొదటి మాట అదే. బకెట్‌లో ముందు సన్నీళ్లు పొయ్యి, ఆ తర్వాతే ఉడుకునీళ్లు. ఉత్త బకెట్‌లో ఉడుకునీళ్లు ఎన్నడూ పొయ్యకు. ఎందుకని అడిగితే గంతే అంది. సమ్మక్కకూ అదే చెప్పింది, ఆమె వచ్చినప్పుడు. రంజిత్ ఫోను చేసి ముందు "సన్నీళ్లు ముందు అవ్వా, మరిచిపోలే" అని వేళాకోళం చేసి, ఆ తర్వాత మంచిచెడ్డ అడుగుతాడు. అందరూ అది ముసలిదాని చాదస్తం అనుకున్నారు. అనుకోవడమే మంచిదని ఆమె ఊరుకుంది.

భూమేశ్ ఇంకోటి చెప్పాడు. గొట్టాలను పగలు నింపడట, తెల్లవారకముందే వచ్చి నింపుతాడట. "ఎండెక్కినంక ఉత్త గొట్టంల సన్నీళ్లు పడితె అద్దం పటుక్కున పలుగుతది. సన్నీళ్లు నిండినంకనే ఎండ తాకాలె" అన్నాడు. బుచ్చవ్వ ఆ నల్లటి గాజును వేలితో ముట్టుకుని చూసింది. చదువురాని గాజుకు కూడా వరస తెలుసు, ఏది ముందో ఏది వెనకో. నేను అప్పుడు ఇరవై ఒక్క ఏండ్ల మనిషిని, కాళ్లూ చేతులూ ఉన్నదాన్ని, నాకు తెలియకపోయె. మళ్లీ అటే పోతోంది. పోనీ, పక్కకు చూద్దామని పక్కకు చూసింది. ట్యాంకు నెత్తిన ఒక గొట్టం, పైకి లేచి, కొంగమెడలా వంగి ఉంది. దానికి నల్లా లేదు, మూత లేదు. అది దేనికి, అందులోంచి నీళ్లు రావా అంది. "రావవ్వా. అది గాలి పోయే గొట్టం. లోపట ఉడుకెక్కితె ఆవిరి ఎటన్న పోవాలె గద. దాని మూతి మూస్తె ట్యాంకు ఉబ్బి ఉబ్బి ఒకనాడు పలుగుతది." పని జరిగిన మూడు రోజులూ బుచ్చవ్వ పొద్దునొకసారి, సాయంత్రమొకసారి మిద్దె ఎక్కింది. పిట్టలు గూడు పెట్టి ఆ మూతి మూస్తాయేమోనని చూడటానికని చెప్పింది. భూమేశ్ చివరికి దానికి సన్న జాలీ బిగించి, "ఇగ పిట్ట గాదు, ఈగ గూడ పోదు, నువ్వు జెర కింద కూసో తల్లీ" అని దండం పెట్టాడు. ఎర్ర నల్లా ఎక్కడ పెట్టాలన్న దగ్గర మాత్రం ఇద్దరికీ పెద్ద పంచాయితీ అయింది. మోకాలెత్తున పెడతానని అతను, ఛాతీ ఎత్తున పెట్టమని ఆమె. అంత ఎత్తు నుంచి పడితే నీళ్లు చింది కాలుతాయని అతను, కింద పెడితే పాకే పిల్ల తిప్పుతుందని ఆమె. ఆఖరికి నల్లా పైన పెట్టి, దాని మూతికి కిందికి వంచిన పైపు తగిలించాడు. "మస్కట్‌ల షేకులు గూడ గింత సతాయించలే" అన్నాడు.

ఎండ సజ్జకు ఇంకా జానెడు దూరంలో ఉంది. వాకిట్లో అక్షిత నవ్వుతోంది, రాజక్క ఏదో ఆట ఆడిస్తోంది, చప్పట్ల ఆటే కావచ్చు, ముత్యాన్నీ అట్లాగే ఆడించేది. ఈ ఇల్లు అప్పుడు పెంకుటిల్లు. తానాలగది లేదు, పెరట్లో తడిక చాటున పెద్ద బండ, బండ పక్కన మూడు రాళ్ల పొయ్యి, పొయ్యి మీద నల్లగా మసిబారిన రాగి కాగు, ఇటు పక్కన మెడదాకా మట్టిలో పాతిన గోలెం, గోలెం నిండా బావి నీళ్లు. పనులు ఎవరూ పంచిపెట్టలేదు, వాటంతట అవే పంచుకున్నాయి. పొద్దున్నే బావి నుంచి నీళ్లు చేది గోలెం నింపడం రాజక్క వంతు, పొయ్యి రాజెయ్యడం, నీళ్లు తోడి పిల్లలకు తానాలు చేయించడం బుచ్చవ్వ వంతు. బుచ్చవ్వ ఈ ఇంటికి వచ్చినప్పుడు తలకు నూనె పెట్టింది రాజక్కే, బీడీ ఆకు కత్తిరించడం, దారం తిప్పడం నేర్పింది రాజక్కే, అత్త కోప్పడితే "నేను చెప్పిన గద అత్తా, చిన్నది, నేర్చుకుంటది" అని అడ్డం వచ్చిందీ రాజక్కే. రాజక్క చేతులు తెల్లగా ఉండేవి, మోచేతుల దాకా పచ్చబొట్లు, ఎడమచేతికి తేలు, కుడిచేతికి పూలతీగ. ఇప్పుడామె మణికట్టు దాకా రవిక చేతులు కుట్టించుకుంటుంది. వేసవిలో కూడా. సిరిసిల్లలో ఆమెను పొడుగు చేతుల రవిక రాజక్క అంటారని అలేఖ్యే చెప్పింది, నవ్వుతూ, అలేఖ్యకు ఏం తెలుసు. అలేఖ్య పుట్టిల్లు సిరిసిల్లలో ఆ గల్లీయే. మగ్గాలకు కండెలు చుట్టి బతికిన ముసలామె తమ గోడ పక్కన ఉందనీ, ఆమె అత్తగారింటి మనిషేననీ పెండ్లయ్యాకే తెలిసింది దానికి. సోలార్ పెట్టిస్తున్నారని తెలిసి అలేఖ్యే ఫోను చేసింది, "సిరిసిల్లవ్వా, నీ కీళ్లనొప్పులకు ఉడుకునీళ్లు మంచివి, ఒక్కసారి వచ్చి కడుపునిండ తానం చేసి పో" అని. ఎవరినీ అడగలేదు. అడిగి ఉంటే ముత్యం వద్దనేవాడు. బుచ్చవ్వ ఏమనేదో ఆమెకే తెలియదు.

అవి పసుపు ఉడకబెట్టే రోజులు, ఇవ్వాళ్టి మాదిరే. మగవాళ్లు చేను దగ్గర, ఊరంతా పసుపు వాసన. ఆ పొద్దున రాజక్కకు ఒంట్లో బాగాలేక లేవలేదు, గోలెం నిండలేదు. బుచ్చవ్వ చూసుకోలేదు. పొయ్యి రాజేసింది, కాగు మరిగింది, చేను దగ్గరికి అన్నం పంపాలి, పిల్లవాడు లేవకముందే నీళ్లు తయారుగా ఉంచుదాం, కాగులో ఇంకోసారి నీళ్లు పోసి ఎక్కిద్దాం అని, చీరకొంగు పట్టి కాగు దించి, గంగాళంలో ఒంపింది. ఉత్త గంగాళంలో. ఒంపి, చన్నీళ్లు కలుపుదామని గోలెంలోకి చెంబు ముంచితే చెంబు అడుక్కు తగిలి టంగుమంది. ఆ చప్పుడు ఇప్పటికీ. ఇప్పటికీ ఖాళీ బిందెకు గరిటె తగిలితే ఆమె చేతిలోది కింద పెట్టి అటు తిరుగుతుంది. పిల్లవాడు లోపల చాప మీద నిద్రపోతున్నాడు కదా, నాలుగిండ్ల అవతలే బావి కదా, ఒక్క బిందె కదా అనుకుంది. మూడు కదాలు. రెండో చేద పైకి లాగుతుండగా కేక వినిపించింది. కేక ఎవరిదో తల్లికి చెప్పాలా. పరుగెత్తింది, బిందె వదలకుండా పరుగెత్తింది, ఎందుకు వదల్లేదో ఇన్నేండ్లూ ఆలోచించింది, చెయ్యి పట్టుకున్నదాన్ని పట్టుకునే ఉంది అంతే. తడిక దగ్గరికి వచ్చేసరికి రాజక్క బురదలో కూలబడి ఉంది, పిల్లవాడిని నెత్తి మీదికెత్తి పట్టుకుంది, వాడి ఎడమ కాలు, వద్దు, ఆమె రెండు చేతులు మోచేతుల దాకా ఎర్రగా, తేలు లేదు, పూలతీగ లేదు. పిల్లవాడు గంగాళం అంచు పట్టుకుని కాలు పెట్టి లోపలికి జారాడట. జ్వరంతో మూలుగుతున్న మనిషి చప్పుడు విని లేచి ఉరికి, రెండు చేతులూ ముంచి తీసింది.

ఇంట్లో ఉన్న అత్త బయటికి వచ్చింది. గంగాళం, రాజక్క, పిల్లవాడు ఒక దగ్గర. బిందెతో బుచ్చవ్వ ఒక దగ్గర. "సన్నీళ్లు లేకుండ ఉడుకునీళ్లు ఎవలు పోసిండ్లే?" అని అరిచింది అత్త. అప్పుడు బుచ్చవ్వ అన్నది ఇదీ: "గోలెం ఖాళీగుండె. నేను నీళ్లకు పోయిన." వినండి, అందులో అబద్ధం ఉందా? గోలెం ఖాళీయే. నీళ్లకు పోయిన మాట నిజమే. రెండూ నిజాలే, రెండు నిజాలు పక్కపక్కన పెట్టి మధ్యలో ఉన్నదాన్ని తీసేసింది. తీసేసిన చోట అందరూ రాజక్కను పెట్టుకున్నారు. రాజక్క తలెత్తి ఒక్కసారి చూసింది, ఒక్కసారే, ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. ఏమీ అనలేదు. ఎందుకు అనలేదు? అత్త తిట్టింది, మామ తిట్టాడు, బుచ్చవ్వ మొగుడు రాజం అన్నతో మాట్లాడటం మానేశాడు, ఏడాది తిరగకుండా మొగిలయ్య పెండ్లాన్ని తీసుకుని సిరిసిల్ల మగ్గాలకు పోయాడు. రేపు చెబుతా, ఎల్లుండి చెబుతా. అత్త పోయాక చెబుతా. రాజం పోయాక చెబుతా. పోయారు అందరూ. పిల్లవాడి కాలు మానింది కానీ వేళ్లు ఐదూ ఒకటిగా అతుక్కుపోయాయి, బూట్లు పట్టవు, ఈడువాళ్లు గల్ఫుకు పోతుంటే వాడు పసుపు చేనులోనే ఉండిపోయాడు. బడిలో ఎవరైనా అడిగితే "మా పెద్దవ్వ కాల్చింది" అనేవాడు, పెద్దవ్వ అంటే పెద్దమ్మ, రాజక్క. ఆ మాట విన్నప్పుడల్లా బుచ్చవ్వ లేచి వెళ్లి ఏదో ఒక పాత్రలో చన్నీళ్లు పోసేది.

గోడ మీద ఎండ లేదు. ఎప్పుడు పోయిందో చూడలేదు. సజ్జ కింద చీకటి కాదు, బూడిదరంగు. బండి చప్పుడు, గేటు చప్పుడు, ముత్యం చెప్పుల చప్పుడు, ఒకటి గట్టిగా, ఒకటి ఈడుస్తూ. చప్పుడు వాకిట్లో ఆగింది. తర్వాత మళ్లీ నడిచింది, మంచం పక్కనుంచి, నీళ్ల తొట్టి వైపు. అలేఖ్య బట్టలు విప్పిన పిల్లను చంకనేసుకుని బకెట్ పట్టుకుని వచ్చింది. "జరుగవ్వా, పొద్దు గూకింది, మొదలు అక్షితకే" అంటూ ఖాళీ బకెట్ పెట్టి ఎర్రచుక్క తిప్పింది. నీళ్లు పడ్డాయి. అలేఖ్య వేలు పెట్టి ముఖం ముడుచుకుంది. "ఏందవ్వా, సల్లగనే ఉన్నయి. పొద్దంత కాగినయి గివ్వేనా?" పిల్ల ఆ ధారను చూసి కేరింతలు కొడుతూ రెండు చేతులూ చాపింది. చల్లగానే ఉన్నాయి, ఔను, మిద్దె నుంచి కిందిదాకా పైపులో నిలిచిన నీళ్లు మొదట వస్తాయని భూమేశ్ చెప్పాడు, ఆ తర్వాత ఏం వస్తుందో కూడా చెప్పాడు. బుచ్చవ్వకు లేవడానికి ఎవరి చెయ్యీ అవసరం పడలేదు. పిల్ల చేతులకూ ధారకూ మధ్య తన అరచెయ్యి పెట్టింది. చల్లన, చల్లన, గోరువెచ్చన, ఒక్కసారిగా నిప్పు.

"సన్నీళ్లు ముందు!"

ఆ అరుపుకు పిల్ల ఏడ్చింది, అలేఖ్య నల్లా కట్టేసింది. అవ్వ అరచెయ్యి చూసి, చన్నీళ్ల నల్లా కిందికి లాగింది. భయం పోయాక కోపం వచ్చింది దానికి. "పైపుల నీళ్లు సల్లగొచ్చినయి, నాకేం తెలుసు? ఎప్పుడు జూసినా సన్నీళ్లు ముందు, సన్నీళ్లు ముందు. ఎందుకో ఒక్కనాడు చెప్పవైతివి. చెప్తె యాదుంచుకోనా?"

వాకిట్లోంచి ముత్యం గొంతు వచ్చింది, మంచం వైపు చూడకుండా. "ఎందుకా? నా కాలునడుగు బిడ్డా. ఉత్త గంగాళంల ఉడుకునీళ్లు పోసి ఇడిసిపెట్టినోళ్లున్నరు. పోసినోళ్లకు ఎరుకే."

నులక కిర్రుమంది. రాజక్క లేచి, తలగడ పక్కన పెట్టుకున్న సంచి వెతుక్కుంటోంది.

"పోసింది నేనే."

బుచ్చవ్వ అన్నది ఎవరికీ వినపడలేదు, పిల్ల ఏడుపులో కలిసిపోయింది. ఆమె గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. తడి చేయి, ఎర్రబడ్డ చేయి, కొడుకు వైపు చాపి మళ్లీ అంది. "ముత్యం, పోసింది నేనేరా. మీ పెద్దవ్వ కాదు. ఆమె నిన్ను ఎత్తింది. జరంతోని పండుకున్నది లేచి ఉరికచ్చి ఎత్తింది. ఆ రవిక చేతులు మీదికి నూకి సూడు, నమ్మకుంటె."

రాజక్క సంచి పట్టుకుని అట్లాగే నిలబడింది. పిల్ల వైపు చూసి అంది: "ఇప్పుడెందుకే అవ్వన్ని? పోరి ఒంటి మీద బట్టలేదు, సలి పెడ్తది. ముందు దానికి తానం పొయ్యి." ఆ తర్వాత, ఎవరికో కాదు, నేలకు చెప్పినట్టు అంది. "గోలెం నింపాల్సింది నేనే గద. నింపలే. గందుకే నోరు మెదపలే."

"నువ్వు నింపలే, నేను పోసిన. ఇద్దరి తప్పు. గని అనిపించుకున్నది నువ్వొక్కదానివే అక్కా."

"ఔ. అనిపించుకున్న." రాజక్క మంచం మీద కూర్చుంది. "యాభై ఏండ్లాయె. నీకు మాట వచ్చుడు ఇంత ఆలస్యమా? చిన్నది, నేర్చుకుంటదని నేనే అన్న అత్తతోని." అంతే. నవ్వలేదు, ఏడవలేదు.

ముత్యం తల్లి వైపు చూడలేదు. తొట్టి దగ్గరే నిలబడ్డాడు, కాళ్లమీద నీళ్లు ఆరిపోయేదాకా నిలబడ్డాడు. అలేఖ్య పిల్లను టవల్లో చుట్టింది, ఆ ఇంట్లో ఏదో జరిగిందని తెలిసి పిల్ల కూడా ఊరుకుంది. అప్పుడతను తానాలగదిలోకి పోయాడు. గోడ పట్టుకుని నిలబడ్డ తల్లిని దాటుకుంటూ పోయాడు. బకెట్ ఖాళీ చేసిన చప్పుడు. నల్లా తిప్పిన చప్పుడు. బుచ్చవ్వ మెడ తిప్పి చూసింది, నీలం చుక్క. సగం బకెట్ నిండేదాకా ఆగాడు. తర్వాత ఎర్రచుక్క. ఆవిరి లేచింది, కొత్త సున్నం గోడ మీద తడి పట్టింది. చెయ్యి ముంచి కలిపాడు, ఇంకొంచెం నీలం, మళ్లీ కలిపాడు. బకెట్‌ను బండ మీదికి జరిపి, పీట వేసి, తలుపు దగ్గరికి వచ్చి వాకిట్లోకి చూశాడు.

"పెద్దవ్వా, నీళ్లు తోడిన. లేచి తానం చెయ్యి."

రాజక్క లేచింది. తలుపు దగ్గర ఆగి, రవిక గుండీలు తీసుకుని, పొడుగు చేతులు తొలగించుకుని, ఆ రవికను బుచ్చవ్వ చేతికిచ్చింది పట్టుకొమ్మని, అప్పుడు ఇచ్చినట్టే, పడుచు వయసులో పెరట్లో తడిక చాటున ఇచ్చినట్టే. ఆ చేతులను ముత్యం చూశాడు. చూసి తలుపు దగ్గరికి వేసి పోయాడు.

ఆ రాత్రి ముత్యం తల్లితో మాట్లాడలేదు. మర్నాడు, రాజక్కను ఆపి ఇంకో నాలుగు రోజులు ఉండి పొమ్మని అన్నాడు కానీ, తల్లితో మాట్లాడలేదు. మూడో పొద్దున ఆమె తానానికని వెళ్లేసరికి బండ మీద బకెట్ ఉంది. అందులో సగం దాకా చన్నీళ్లు పట్టి ఉన్నాయి. ఎవరు పట్టారని ఆమె ఎవరినీ అడగలేదు. ఎర్రచుక్క తిప్పి కలుపుకుంది.

ఇంతే తల్లీ. ఇప్పుడు లేచి పోయేవాళ్లు పోండి, కానీ ఇది ఇక్కడే విడిచి పోకండి. మీ మిద్దె మీదికి కూడా రేపో మాపో ఆ గొట్టాలు వస్తాయి, పొయ్యి ఊదే బాధ పోతుంది, మంచిదే. నల్లా తిప్పేముందు బకెట్‌లో చన్నీళ్లు పట్టండి, ఆ తర్వాతే ఉడుకునీళ్లు. ఎందుకని మీ పిల్లలు అడిగితే మాత్రం గద్దించి ఊరుకోకండి, బుచ్చవ్వలాగా. కూర్చోబెట్టి ఈ సంగతంతా చెప్పండి, వాళ్లను వాళ్ల పిల్లలకు చెప్పమనండి. చెప్పేటప్పుడు ఏదైనా మరిచిపోయినా పరవాలేదు, దుకాణం మరిచిపోండి, గొట్టాలు ఎన్నో మరిచిపోండి, ఈ రెండు మాత్రం తారుమారు చేయకండి: పోసింది బుచ్చవ్వ, ఎత్తింది రాజక్క.